పాత యంత్రానికి కొత్త వ్యవస్థ: తొందరపడక తేల్చుకోవలసిన ప్రశ్న

హైదరాబాదు నుండి వరంగల్లు, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి గోదావరిని దాటి, అడవుల నడుమ పయనించి, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భోపాలపట్నం చేరుకుంటుంది. ఆ దారిలో తెలంగాణ ఎల్లకు ఆవల కనిపించే గ్రామం తర్లగూడ. ఇది పూర్వపు బస్తరు సీమలోనిది. బస్తరు సంస్థానం 1948లో భారత యూనియన్‌లో విలీనమైనది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించినది. 2007లో బీజాపూర్ జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం ఆ జిల్లాలో చేరినది. పరిపాలనా విభాగాలు ఇన్ని మారినా, నదికి ఇరువైపుల ఉన్న ప్రజల బాంధవ్యాలు మారలేదు. ఈ సీమలో కార్యాలయాల భాష హిందీ. దోర్లా, గోండు కుటుంబాల ఇంటి మాట వేరు. సంతలోను, బంధువుల రాకపోకలలోను వినిపించేది తెలుగు.

ఇటువంటి గ్రామంలోని పాఠశాలలో పది పన్నెండేండ్ల క్రితం కొన్న కంప్యూటరు ఒకటి ఉన్నదని అనుకొందాం. అందులో విద్యార్థుల పేర్ల జాబితాలు, మార్కుల పట్టికలు, కార్యాలయానికి పంపవలసిన హిందీ లేఖలు, తెలుగులో టైపు చేసిన పాటలు, కథలు ఉన్నవి. యంత్రం నెమ్మదిగానైనా పని చేస్తూనే ఉన్నది. అయితే ఒకనాడు తెరపై ఒక ప్రకటన కనబడుతుంది: ఈ వ్యవస్థకు తయారీదారుల మద్దతు ముగిసినది, కొత్తదానికి మారవలెను. మారితే పాత పత్రాలు తెరుచుకుంటాయా? ముద్రణ యంత్రం పని చేస్తుందా? మారకపోతే ప్రమాదమా? ఉన్న ఒక్క యంత్రమూ మూలబడితే పిల్లల పని ఏమి కావలెను?

మన దేశంలోని వేలాది పాఠశాలలకు, గ్రంథాలయాలకు, చిన్న కార్యాలయాలకు ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి అందరికీ ఒకే సమాధానం లేదు. కానీ సమాధానాన్ని కనుగొనే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని వివరించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

నిర్వహణ వ్యవస్థ అనగా నేమి?

కంప్యూటరులో లెక్కలు చేసే ప్రాసెసరు, తాత్కాలికంగా విషయాలను నిలుపుకొనే మెమరీ, శాశ్వతంగా భద్రపరచే డిస్కు, తెర, మీటల పలక, ప్రింటరు మొదలైన భాగాలుంటాయి. ఇవన్నీ పని తెలిసిన కూలీల వంటివి. ఏ పని ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు చేయవలెనో నిర్ణయించి, ఒకరి పనికి మరొకరు అడ్డురాకుండా చూచే పెద్ద ఒకడుండాలి. ఆపరేటింగ్ సిస్టమ్ అని పిలువబడే నిర్వహణ వ్యవస్థ చేసే పని అదే. మనం లేఖ టైపు చేసి ముద్రించమన్నప్పుడు, ఆ ఆజ్ఞను ప్రింటరుకు అర్థమయ్యే రీతిలో అందించేది ఈ వ్యవస్థయే. ఏ పరికరంతో ఎట్లా మాట్లాడవలెనో దానికి తెలిపే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అంటారు. పాత ప్రింటరుకు కొత్త వ్యవస్థతో పొసగకపోవడానికి తరచు కారణం, ఆ ప్రింటరు కోసం కొత్త డ్రైవరును ఎవరూ తయారు చేయకపోవడమే.

మన పాఠశాలలలోను, కార్యాలయాలలోను ఎక్కువగా కనిపించేవి మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ వ్యవస్థలు. వీటిలో విండోస్ ఎక్స్‌పీ 2001లోను, విండోస్ 7 2009లోను, విండోస్ 10 2015లోను, విండోస్ 11 2021లోను వెలువడినవి. వీటికి భిన్నంగా, ఎవరైనా ఉచితంగా తీసుకొని, పరిశీలించి, మార్చుకొనుటకు వీలైన లినక్స్ ఆధారిత వ్యవస్థలు కూడా అనేకం కలవు.

మద్దతు ముగియుట అంటే ఏమిటి?

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసినది. ఈ తేదీ దాటగానే యంత్రం ఆగిపోతుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు. నిన్న పని చేసినట్లే రేపూ పని చేస్తుంది. ఆగిపోయేది యంత్రం కాదు, మరమ్మతు.

లక్షలాది ఆజ్ఞలతో కూడిన ఏ వ్యవస్థలోనైనా లోపాలు ఉండక తప్పదు. అవి బయటపడినప్పుడెల్లా తయారీదారులు సవరణలు తయారుచేసి పంపుతుంటారు. మద్దతు ముగిసిన తరువాత కూడా లోపాలు బయటపడుతూనే ఉంటాయి, కాని సవరణలు రావు. పెంకుటింటి పైకప్పులో పెంకులు ఒక్కొక్కటిగా జారుతున్నా నేసేవాడు రావడం మానివేసినట్లుంటుంది ఆ స్థితి. వేసవిలో ఇబ్బంది తెలియదు. తెలిసేది తొలకరి వానకే.

అటువంటి వాన 2017 మే నెలలో కురిసినది. వానాక్రై అనే హానికర ప్రోగ్రాము మే 12న మొదలై, కొద్ది రోజులలోనే దాదాపు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు ప్రాకినది. అది పత్రాలన్నింటికీ రహస్య సంకేతంతో తాళం వేసి, విడిపించుటకు సొమ్ము కోరినది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్య సేవకు చెందిన 236 విభాగాలలో కనీసం 80 దెబ్బ తిన్నవి. మన ఆంధ్రప్రదేశ్‌లో సైతం కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దీని బారిన పడినవి.

ఈ ఘటన నుండి గ్రహించవలసిన పాఠం ఒకటున్నది. ఆ లోపాన్ని సరిచేసే సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసినది. ఆ తరువాత దెబ్బ తిన్న యంత్రాలలో అత్యధిక భాగం ఎక్స్‌పీవి కావు. అప్పటికి ఇంకా మద్దతు కలిగి ఉండి, ఆ సవరణను వేసుకోని విండోస్ 7 యంత్రాలు. కాబట్టి వ్యవస్థ కొత్తదైనంత మాత్రాన రక్షణ రాదు. సవరణలు వస్తూ ఉండాలి, వచ్చిన సవరణలను వేసుకోవాలి. ఈ రెండూ ఉన్నప్పుడే రక్షణ.

మద్దతు ముగిసిన వ్యవస్థకు మరొక చిక్కు కూడా ఉన్నది. దానిపై నడిచే ఇతర ప్రోగ్రాములు కూడా క్రమంగా దానిని విడిచిపెడతాయి. ఉదాహరణకు క్రోమ్ బ్రౌజరు 2023 ఫిబ్రవరి నుండి విండోస్ 7కు కొత్త రూపాలను ఇవ్వడం మానివేసినది. బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు తమ వెబ్‌సైట్ల భద్రతను పెంచినకొద్దీ పాత బ్రౌజర్లకు ఆ పుటలు తెరుచుకోవడం కష్టమవుతుంది. విద్యార్థివేతనానికి దరఖాస్తు పంపే చివరి రోజున ఈ సంగతి బయటపడితే నష్టపోయేది యంత్రం కాదు, విద్యార్థి.

మన లిపుల సంగతి

ఇంతవరకు చెప్పినది ఏ దేశానికైనా వర్తిస్తుంది. తర్లగూడ వంటి చోట, అసలు మన దేశంలో ఎక్కడైనా, దీనికి తోడు మరొక ముఖ్యమైన అంశాన్ని ఆలోచించవలసి ఉంటుంది. అది లిపి.

కంప్యూటరు అక్షరాలను సంఖ్యలుగా భద్రపరుస్తుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్న విషయంలో అందరూ ఒక ఒప్పందానికి రాకపోతే ఒకరు వ్రాసినది మరొకరికి చదువ శక్యం కాదు. ప్రపంచ భాషలన్నింటికీ ఉమ్మడిగా అటువంటి ఒప్పందమే యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి రూపంలోనే తెలుగుకు స్థానం లభించినది. అయితే ఆ ఒప్పందాన్ని అమలు పరిచే శక్తి నిర్వహణ వ్యవస్థలకు ఆలస్యంగా వచ్చినది. విండోస్‌లో తెలుగుకు ఆ సౌకర్యం ఎక్స్‌పీతోనే కలిగినది. గౌతమి అనే అక్షర రూపం దానితో పాటు వచ్చినది. అప్పుడు కూడా ఆ సౌకర్యాన్ని వినియోగదారుడే ప్రత్యేకంగా అమర్చుకోవలసి వచ్చేది.

ఈలోగా మన ముద్రణాలయాలు తమ దారి తాము చూచుకొన్నవి. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాల బొమ్మలను ఉంచిన అను వంటి ఫాంట్లతో, పేజ్‌మేకర్ ప్రోగ్రాముతో ఎన్నో పుస్తకాలు, పత్రికలు, పెండ్లి పత్రికలు తయారైనవి. హిందీకి కృతిదేవ్ ఫాంటు అదే విధంగా వ్యాపించినది. అటువంటి పత్రాన్ని ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే కనిపించేది తెలుగూ కాదు, హిందీ కాదు. అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. గోదావరికి ఈవల అను ఫాంటులో టైపు చేసిన జాబితా ఆవల చదువరాదు. ఆవల కృతిదేవ్‌లో వ్రాసిన లేఖ ఈవల చదువరాదు. భాష తెలిసినవారు రెండు ఒడ్డులా ఉన్నా, యంత్రాల మధ్య ఒప్పందం లేక మాట తెగిపోతున్నది.

పేజ్‌మేకర్ చివరి రూపం 2001లో వెలువడినది. కొత్త వ్యవస్థలలో అది సాఫీగా నడుస్తుందన్న హామీ లేదు. ఆ పాత పత్రాల కోసమే అనేక డి.టి.పి. కేంద్రాలవారు ఈనాటికీ పాత యంత్రాలను వదలలేకపోతున్నారు. దీనిని మూర్ఖపు పట్టుదల అనలేము. ఇరువది ఏండ్ల కృషి వారి డిస్కులలో ఆ రూపంలోనే ఉన్నది.

మరొక వైపు, కొత్త వ్యవస్థల వలన మన లిపులకు కలిగే లాభం కూడా తక్కువది కాదు. యూనికోడ్ నిలిచిపోయిన ఒప్పందం కాదు, పెరుగుతున్నది. తెలుగులో ఒకప్పుడు వాడిన నకారపు పొల్లుకు 2021లో స్థానం లభించినది. గోండి భాషకు బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగల్ సింగ్ మసరాం 1918లో రూపొందించిన మసరాం గోండి లిపి 2017లోను, ఆదిలాబాదు ప్రాంతపు గుంజాల గ్రామంలో లభించిన వ్రాతప్రతుల వలన వెలుగులోకి వచ్చిన గుంజాల గోండి లిపి 2018లోను యూనికోడ్‌లో చేరినవి. గుంజాల ప్రతులను లోకానికి పరిచయం చేసినవారిలో ఆచార్య జయధీర్ తిరుమలరావు ముఖ్యులు. ఆ ఏండ్లకు ముందే నిలిచిపోయిన వ్యవస్థలో ఈ అక్షరాలకు బదులు ఖాళీ గడులు కనబడే అవకాశమే ఎక్కువ. తమ భాషకు లిపి ఉన్నదని విన్న బస్తరు బాలుడు దానిని తెరపై చూడగోరినప్పుడు ఖాళీ గడులు చూపే యంత్రం వలన ఏమి ప్రయోజనం?

యంత్రం శక్తి ఎంత?

కొత్త వ్యవస్థను కోరుకొన్నంత మాత్రాన పాత యంత్రం మోయలేకపోవచ్చు. విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల డిస్కు, 64 బిట్ల ప్రాసెసరు, భద్రతా సంకేతాలను దాచే టీపీఎం 2.0 అనే భాగం అవసరం. ఇంటెల్ సంస్థ ప్రాసెసర్లలో సుమారుగా ఎనిమిదవ తరం, అనగా 2017 చివర నుండి వచ్చినవి మాత్రమే దాని ఆమోదిత జాబితాలో ఉన్నవి. ఈ షరతులను తప్పించుకొని ఎక్కించే ఉపాయాలు ప్రచారంలో ఉన్నవి కాని, అట్లా ఎక్కించిన యంత్రానికి సవరణలు అందుతూనే ఉంటాయని తయారీదారులు హామీ ఇవ్వరు. సవరణల కోసమే మారుతున్నవారు సవరణలకే హామీ లేని మార్గం పట్టడం అర్థం లేని పని.

చాలా పాత యంత్రాలలో నెమ్మదితనానికి అసలు కారణం ప్రాసెసరు కాదు, తిరిగే పళ్ళెములతో పని చేసే పాత డిస్కు. దాని స్థానంలో కదిలే భాగాలు లేని ఎస్సెస్డీని అమర్చి, మెమరీని పెంచితే యంత్రం వేగం స్పష్టంగా మెరుగుపడుతుంది. ఈ ఖర్చు కొత్త కంప్యూటరు ధరలో కొద్ది భాగం మాత్రమే. కాబట్టి వ్యవస్థను నిందించే ముందు డిస్కును పరిశీలించడం మంచిది.

నాలుగు మార్గాలు

పై విషయాలన్నీ తెలిసిన తరువాత మన ముందు నాలుగు మార్గాలు నిలుస్తాయి.

మొదటిది, అదే వంశంలోని కొత్త వ్యవస్థకు మారడం. యంత్రం ఐదారేండ్లదై, షరతులకు సరిపోయి, విండోస్ 10తో నడుస్తున్నట్లయితే విండోస్ 11కు మారడమే సులువు. దీనికి వేరే రుసుము లేదు. అలవాటైన ప్రోగ్రాములు చాలా వరకు పని చేస్తాయి. అయితే 11 కేవలం 64 బిట్ల రూపంలోనే లభిస్తుంది కనుక, డాస్ కాలం నాటి 16 బిట్ల ప్రోగ్రాములు దానిపై నేరుగా నడవవు. విండోస్ 10ను ఇంటి అవసరాలకు వాడేవారికి మాత్రం 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా సవరణలు పొందే ఏర్పాటు ప్రకటించబడినది. అది ఆలోచించుకొనుటకు ఇచ్చిన గడువే కాని శాశ్వత పరిష్కారం కాదు.

రెండవది, లినక్స్ వ్యవస్థకు మారడం. షరతులకు సరిపోని, అయినా ఆరోగ్యంగా ఉన్న యంత్రాలకు ఇది తగిన మార్గం. తేలికపాటి లినక్స్ వ్యవస్థలు 2 గిగాబైట్ల మెమరీతో కూడా నడుస్తాయి. మన దేశంలో ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. సీ-డాక్ సంస్థ భారతీయ భాషల సౌకర్యంతో బాస్ అనే వ్యవస్థను 2007లో వెలువరించినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ వాడుకకు కృషి చేసినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు అనేక సంవత్సరాలుగా ఉచిత వ్యవస్థలతోనే కంప్యూటరు విద్యను బోధిస్తున్నవి. ఇందులోని కష్టం అలవాటు మారడం. విండోస్ కోసమే తయారైన ప్రోగ్రాములు, కొన్ని వేలిముద్ర పరికరాలు దీనితో పని చేయకపోవచ్చు. 32 బిట్ల ప్రాసెసరు గల అతి పాత యంత్రాలకు ఈ దారి కూడా ఇరుకవుతున్నది. ఉబుంటు 2017లోనే 32 బిట్ల డెస్క్‌టాప్ ప్రతులను మానివేసినది, 2025లో డెబియన్ కూడా ఆ బాటే పట్టినది.

మూడవది, మార్చకుండా ఉంచి, వలయం నుండి విడదీయడం. డి.టి.పి. పత్రాల వంటి పని పాత వ్యవస్థతోనే సాధ్యమైనప్పుడు దానిని అట్లే ఉంచవచ్చు. అయితే దానికి ఇంటర్నెట్ ఇవ్వరాదు, ఇతర యంత్రాలతో కలుపరాదు. పెన్‌డ్రైవుల ద్వారా కూడా హానికర ప్రోగ్రాములు ప్రాకుతాయి కనుక, వాటిని ముందుగా వేరొక యంత్రంలో పరీక్షించవలెను. తీరిక దొరికినప్పుడెల్లా పాత పత్రాలను యూనికోడ్‌లోనికి మార్చుకొనడం ఉత్తమం. ఇందుకు మార్పిడి సాధనాలు కలవు. అవి చేసిన మార్పిడిలో ఒత్తులు, సంయుక్తాక్షరాల వద్ద దోషాలు దొర్లవచ్చు కనుక ఒకసారి చదివి దిద్దుకొనవలెను.

నాలుగవది, యంత్రాన్నే మార్చడం. డిస్కు చప్పుడు చేస్తూ, తెర మినుకుమినుకుమంటూ, తరచు ఆగిపోయే యంత్రానికి కొత్త వ్యవస్థ వేయడం పుచ్చిన దూలానికి సున్నం కొట్టడం వంటిది. పాతదానిని చెత్తకుప్పలో పారవేయరాదు. అందులో సీసం వంటి విషపదార్థాలు ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం వీటిని నమోదైన పునశ్శుద్ధి సంస్థలకు చేర్చవలెను. ఇచ్చే ముందు విద్యార్థుల వివరాలున్న డిస్కును పూర్తిగా తుడిచివేయడం మరువరాదు.

మార్చుటకు ముందు

ఏ మార్గం ఎంచుకొన్నా కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మొదట, పత్రాలన్నింటికీ రెండు నకళ్ళు తీసి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచవలెను. నకలు తీసినంత మాత్రాన చాలదు; దానిని మరొక యంత్రంలో తెరిచి చూచినప్పుడే అది నకలు. పాత ఫాంట్ల ఫైళ్ళను, ప్రోగ్రాముల డిస్కులను, అనుమతి సంకేతాలను కూడా దాచిపెట్టవలెను. ఇవి లేనిదే పాత పత్రాలు ఉండియు లేనట్లే.

రెండవది, ప్రింటరు, స్కానరు, వేలిముద్ర పరికరం ఒక్కొక్కదానికి కొత్త వ్యవస్థలో డ్రైవరు ఉన్నదా అని ముందుగా విచారించవలెను. లినక్స్ విషయంలో ఒక వెసులుబాటు కలదు. దానిని పెన్‌డ్రైవు నుండియే నడిపి, డిస్కును ముట్టుకోకుండా, అన్నీ పని చేస్తున్నవో లేదో పరీక్షించవచ్చు.

మూడవది, కరెంటు, ఇంటర్నెట్. మార్పు జరుగుతున్న సమయంలో విద్యుత్తు పోతే వ్యవస్థ సగంలో చెడిపోవచ్చు. యూపీఎస్ లేనిచోట ఆ పని మొదలుపెట్టరాదు. విండోస్ 11 ప్రతి 5 గిగాబైట్లకు మించి ఉంటుంది. సిగ్నలు అందీ అందని ఊళ్ళలో దానిని దిగుమతి చేసుకోవడం కంటే, పట్టణంలో అధికారిక వెబ్‌సైటు నుండి పెన్‌డ్రైవులోనికి తీసుకొని రావడం మేలు. అధికారికం కాని ప్రతులు ఉచితంగా లభించినా తీసుకోరాదు. రక్షణ కోసం తెచ్చుకొన్న వ్యవస్థతోనే శత్రువును ఇంటికి పిలిచినట్లవుతుంది.

నాలుగవది, సమయం. పరీక్షల నెలలోను, దరఖాస్తుల గడువు దగ్గర పడినప్పుడును ఈ పని తలపెట్టరాదు. వేసవి సెలవులు అందుకు తగిన అదను.

మనం అనుకొన్న పాఠశాలకు సమాధానం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. పది పన్నెండేండ్ల యంత్రం, 4 గిగాబైట్ల మెమరీ, విండోస్ 7. ఇది విండోస్ 11 షరతులకు సరిపోదు. ఇంటర్నెట్‌తో విండోస్ 7ను కొనసాగించడం విద్యార్థుల వివరాలను పందెం ఒడ్డడమే. యంత్రం భాగాలు ఆరోగ్యంగా ఉంటే, పత్రాలకు రెండు నకళ్ళు తీసి, పాత డిస్కును తొలగించి భద్రంగా దాచి, కొత్త ఎస్సెస్డీ అమర్చి, లినక్స్ వ్యవస్థను నెలకొల్పడం తగిన నిర్ణయం. ఇందులో మరొక సౌలభ్యం కూడా ఉన్నది: కొత్తది నచ్చకపోతే పాత డిస్కును తిరిగి తగిలించవచ్చు. వెనుకకు మరలే దారి ఉన్న నిర్ణయాన్ని ధైర్యంగా తీసుకోవచ్చును.

అదే యంత్రంలో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకమేదైనా సగంలో ఉన్నట్లయితే, ఆ పని పూర్తయ్యే వరకు మూడవ మార్గమే సరియైనది. యంత్రం ఒక్కటే అయినా అందులో జరిగే పనిని బట్టి నిర్ణయం మారుతుంది. అందుచేత, కొత్తది వచ్చినది కదా అని మారడమూ, పాతది నడుస్తున్నది కదా అని ఊరకుండడమూ రెండూ ఆలోచన లేని పనులే. అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఈ వ్యవస్థకు సవరణలు వస్తున్నవా? మన పత్రాలు రేపు కూడా తెరుచుకుంటాయా? మనం వ్రాసినది అవతలివారు చదువగలరా?

ఈ మూడవ ప్రశ్న తర్లగూడ వంటి సరిహద్దు గ్రామాలలో మిక్కిలి విలువైనది. బీజాపూర్‌కు పంపవలసిన హిందీ దరఖాస్తు, ములుగులోని బంధువుకు వ్రాసిన తెలుగు ఉత్తరం, అవ్వ నోట విన్న గోండి పాట ఒకే పుటలో నిలిచి, రెండు ఒడ్డులవారికీ చదువ శక్యమైతే, ఆ పాత యంత్రం తన వంతు పని చక్కగా చేసినట్లే. దానిని అట్లా చేయగలిగేలా ఉంచడం ఆ పాఠశాలలోని పెద్దల చేతిలోను, కొంచెం నేర్పు అలవడిన విద్యార్థుల చేతిలోను ఉన్నది.